కొలుచుకోవాల్సింది ఎవరు?

గుండెకు స్టెంటు పడిన మగమనిషి రోజూ ఎంత నడిచాడన్న లెక్క ఆయన భార్య దగ్గర ఎందుకుండాలి? ఈ మాట అడిగితే మన ఇళ్లల్లో వింతగా చూస్తారు. "నువ్వు కాకపోతే ఇంకెవరు చూస్తారమ్మా?" అంటారు. ఆయనే చూసుకోవాలి అంటాను నేను. నడిచే కాళ్లు ఆయనవి, కొట్టుకునే గుండె ఆయనది.

మా వారికి స్టెంటు వేసి రెండేళ్లయింది. విశాఖలో ఒక ఆసుపత్రి నుంచి ఇంటికి పంపే రోజున జాగ్రత్తలన్నీ నా ముఖం చూసే చెప్పారు. మాత్రలు మానకుండా వేయించండి, ఉప్పు తగ్గించండి, రోజూ నడిపించండి. ఆయన పక్కనే కూర్చుని ఫోను చూసుకుంటున్నారు. తెలుగు బీయే చదివినదాన్ని కదా, ఆ 'నడిపించండి' చెవిలో ముల్లులా గుచ్చుకుంది. మన భాషలో క్రియకు 'కొను' చేరితే ఆ పని ఎవరు చేస్తారో వాళ్ల కోసమే అని అర్థం. రాసుకోవడం, కొలుచుకోవడం, సర్దుకోవడం. వైద్యులు 'స్వీయ నియంత్రణ' అని పెద్ద పేరు పెట్టింది దీనికే. 'ఇంచు' చేరిన చోట అది ఉండదు.

ఇందులో ఉన్నవి మూడు పనులు. ఈ వారం ఎంత నడవాలో ముందే అనుకోవడం, నడిచింది రాసుకోవడం, తేడా వస్తే కారణం చూసి మార్చుకోవడం. ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త కూడా తనను తాను గమనించుకోవడం, బేరీజు వేసుకోవడం, దాన్నిబట్టి నడుచుకోవడం అనే చెప్పారు. మరి చెకప్‌కు వెళ్తే అడిగేదేమిటి? "రోజూ నడుస్తున్నారా?" జవాబు చెప్పేదెవరు? "నడుస్తున్నారండీ" అని మనమే! ఆ జవాబుతో కొలిచింది ఆయన నియంత్రణను కాదు, మన కాపలాను.

"చేతికి గడియారం కట్టాంగా, అదే లెక్కపెడుతుంది" అంటారు పిల్లలు. పది వేల అడుగుల మాట 1965లో జపాన్‌లో అడుగుల మీటరు అమ్మడానికి పుట్టింది, గుండె రోగుల కోసం కాదు. పైగా మాది అరకు, సముద్రమట్టానికి తొమ్మిది వందల మీటర్ల పైన ఉన్న ఊరు. ఇక్కడ ఏ వీధి చివరికెళ్లినా ఎత్తో పల్లమో ఉంటుంది. చదునుమీద వెయ్యి అడుగులూ, కొండెక్కిన వెయ్యి అడుగులూ గుండెకు ఒకటి కావు. నాడి లెక్క చూద్దామంటే, గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకరు మాత్రలు వేసుకునేవాళ్లకు అదీ తక్కువే చూపిస్తుంది.

అందుకే స్వీడన్‌కు చెందిన గున్నార్ బోర్గ్ ఎప్పుడో ఆరు నుంచి ఇరవై దాకా ఒక కొలత తయారుచేశారు. ఎంత కష్టంగా ఉందో నడిచే మనిషే అంకె చెప్పాలి. అదీ కష్టమనుకుంటే ఇంకో తేలిక పద్ధతుంది. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. మాట కూడా తెగిపోతుంటే వేగం తగ్గించాలి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం వస్తే ఆగిపోవాలి, తగ్గకపోతే 108కి ఫోను చేయాలి. ఆ మాట తెగడం ఎవరికి తెలుస్తుంది? వంటింట్లో ఉన్న నాకా? చలికాలం తెల్లవారుజామున మంచులో వెళ్లాలా, ఎండ వచ్చాక వెళ్లాలా అన్నది కూడా ఆయన తేల్చుకోవాల్సిందే. చలికి రక్తనాళాలు బిగుసుకుంటాయని ఆయనకూ చెప్పారుగా.

రోగి సొంత మాటకు విలువేముంది అనకండి. మన దేశంలో 24 ఆసుపత్రుల్లో 3,959 మంది గుండెపోటు రోగులతో యోగా-కేర్ అనే పరిశోధన చేసి 2020లో ఫలితాలు ప్రచురించారు. మరణాలూ, మళ్లీ గుండెపోటూ వగైరా తగ్గాయని గట్టిగా తేలలేదు. కానీ యోగా నేర్చినవాళ్లు తమ ఆరోగ్యం మెరుగైందన్నారు, మునుపటి పనుల్లోకి బాగా తిరిగొచ్చారు. అది రోగుల్ని అడిగి తెలుసుకున్నదే, భార్యల్ని అడిగి కాదు.

ఇప్పుడు రోగి ఆడది అనుకోండి. అప్పుడు నడిపించేవాళ్లు ఎవరూ ఉండరు. "ఇంట్లో తిరుగుతూనే ఉంటుందిగా, అదే వ్యాయామం" అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రశ్నావళిలో ఇంటిపనీ, పంటకోతా కూడా శ్రమ కిందే లెక్క. మంచిదే. కానీ మా కొండల్లో కట్టెలమోపు నెత్తిన పెట్టుకుని గట్టెక్కే ఆడమనిషికి ఆయాసం వస్తే మోపు దించి కూర్చునే వీలుందా? పొయ్యి మీద అన్నం ఉండగా అరగంట తన కోసం బయటికి వెళ్లగలదా? స్వీయ నియంత్రణ అంటే నడవడం ఒక్కటే కాదు, ఆగగలగడం కూడా. ఆ ఆగే హక్కు లేనివాళ్లకు శ్రమను నిమిషాల్లో కొలిచి ఏం లాభం? గుండె పునరావాసానికి ఆడవాళ్లను పంపడమే తక్కువని ఎన్నో దేశాల పరిశోధనలు చెబుతున్నాయి. నాకేం ఆశ్చర్యం కలగలేదు.

"అయితే మొగుణ్ణి గాలికొదిలేయమంటావా?" అంటారేమో. సాయం వేరు, పోలీసుపని వేరు. నడిచే వేళకు ఇంకో పని పెట్టకపోవడం సాయం. తోడు రమ్మంటే వెళ్లడం సాయం. రోజూ పది సార్లు గుర్తుచేసి, ఆయన విసుక్కుంటే పడటం సాయం కాదు. మనం పుట్టింటికి వెళ్లిన వారం రోజులూ ఆయన నడక ఆగిపోతే, ఇన్నాళ్లూ నడిచింది ఆయన కాదు, మన నోరు.

కాబట్టి డాక్టర్లకు నా మాట ఒక్కటే. నడిచారా అని కాదు, ఎంత నడవాలని అనుకున్నారు, ఎక్కడ ఆగారు, వాన పడిన రోజు ఏం చేశారు, ఎవరూ గుర్తుచేయకపోతే వెళ్లారా అని రోగినే అడగండి. జవాబు ఆయన నోటినుంచే రానివ్వండి. రోగి ఆవిడైతే ఆ అరగంట ఆమెకెవరు ఇస్తున్నారో ఇంట్లోవాళ్లను అడగండి.

అక్కలూ, చెల్లెళ్లూ, మీకూ ఒక మాట. రూళ్ల నోటుపుస్తకం ఒకటి కొనండి. తేదీ, నిమిషాలు, ఆయాసం అని మూడు గళ్లు గీసి ఆయన చేతికివ్వండి. పెన్ను మాత్రం మీరు పట్టుకోకండి.