పొట్లం మీది అక్షరాలు

ఈ వార్షిక సంచికకు ఒక వ్యాసము వ్రాయుమని సంపాదక మిత్రులు కోరినప్పుడు, పిల్లి తిండిని గురించి వ్రాస్తామన్నాము. వారు నవ్వారు. ఆ నవ్వును మేము తప్పు పట్టలేము. ఒకప్పుడు మేమూ నవ్వి ఉండేవారమే. కాని ఈ విషయములో మేమొక తప్పు చేసినాము. దాని ఫలితమును ఒక మూగజీవి అనుభవించుచున్నది. అందువలన విద్యార్థినీ విద్యార్థులకు, కళాశాల కార్యవర్గ సభ్యులకు ఈ నాలుగు మాటలు విన్నవించుకొనుచున్నాము.

మా ఇంట భూరీ అను బూడిదరంగు పిల్లి కలదు. చిన్ననాట దానికి మా అమ్మగారు పాలన్నము, మాంసపు ముక్కలు పెట్టేవారు. తరువాత మేము తీరిక లేక పట్టణములోని ఒక పెద్ద దుకాణములో, ఆ దుకాణము తన పేరే వేసి అమ్ము చౌక బస్తాను కొన్నాము. అది కుక్కల తిండి. "కుక్కకైనా పిల్లికైనా ఒకటే సార్" అన్నాడు అమ్మువాడు. పొట్లము వెనుక పదార్థముల పట్టికలో మొదటి మాట "కోడిమాంసము" అని ఉన్నది. మొదటి మాట మంచిదైతే మిగిలినవీ మంచివేనని తృప్తిపడినాము. ఏడాదిన్నర గడిచిన తరువాత భూరీ కుర్చీకాళ్ళను గుద్దుకొనసాగినది. పట్టపగటి వెలుతురులో కూడ దాని కంటిపాపలు విప్పారియే ఉండేవి. పశువైద్యుడు పరీక్షించి, ఏమి తినుచున్నదని అడిగి, తల పంకించినాడు. కంటి లోపలి పొర క్షీణించినదని, టారిన్ అను పదార్థపు లోపము వలననే కావచ్చునని, తిండి మార్చినచో ఇక ముందుకు సాగదు గాని పోయిన చూపు తిరిగి రాదని చెప్పినాడు.

ఎమ్మే చదివిన మాకు ఆ పొట్లము మీద చదువవలసినది ఏదో తెలియలేదు. ఈ వ్యాసమునకు కారణము అదియే.

పిల్లి పుట్టుకతోనే మాంసాహారి. కుక్క ఇతర పదార్థముల నుండి టారిన్‌ను తన శరీరములో చాలినంత తయారుచేసుకొనగలదు, పిల్లి చేసుకొనలేదు. ఈ లోపము వలన పిల్లి కన్ను చెడునని 1975లోను, గుండె కండరము బలహీనమై వ్యాకోచించునని 1987లోను శాస్త్రజ్ఞులు ప్రకటించినారు. అంతేకాదు. క్యారెట్టులోని పసుపు పదార్థమును మనము విటమిన్ 'ఎ'గా మార్చుకొనగలము. పిల్లికి ఆ శక్తి లేదు, తయారైన విటమిన్‌నే తినవలెను. కాబట్టి కుక్క తిండి పిల్లికి ఆహారము కానేరదు. ఇక పాలు పిల్లికి పరమాన్నమని మన నమ్మకము. ఎదిగిన పిల్లులలో అనేకమునకు పాలలోని చక్కెర జీర్ణము కాదు.

మరి దుకాణము తన పేరుతో అమ్ము తిండిని ఎట్లు పరీక్షించవలెను? మొదట చూడవలసినది బొమ్మ కాదు, ధర కాదు, పదార్థముల పట్టిక కూడ కాదు. ఇది పిల్లులకు, ఏ వయసు పిల్లులకు, సంపూర్ణమైన సమతులాహారమా అను ప్రకటన ఉన్నదా లేదా అని చూడవలెను. అమెరికాలో ఈ ప్రమాణములను 'ఆఫ్కో' అను అధికారుల సంఘము నిర్దేశించుచున్నది. నీటిని మినహాయించిన తూకములో ఎదిగిన పిల్లికి కనీసము నూటికి 26 పాళ్ళు, కూనలకు 30 పాళ్ళు మాంసకృత్తులు ఉండవలెనని, టారిన్ పొడి తిండిలో 0.1 పాలు, డబ్బాలోని తడి తిండిలో 0.2 పాళ్ళు ఉండవలెనని దాని నియమము. ఆ సంఘము స్వయముగా ఏ తిండిని పరీక్షింపదు, ఆమోదింపదు. ప్రకటన చేయువాడు తయారీదారుడే. ఆ భేదమును మరువరాదు.

ఇక పట్టిక. పదార్థములను తూకమును బట్టి, ఎక్కువ నుండి తక్కువకు వరుసగా వ్రాయుదురు. ఆ తూకములో నీరు కూడ కలదు. పచ్చి కోడిమాంసములో దాదాపు నూటికి 70 పాళ్ళు నీరే. నీరు పోయిన తరువాత నూరు గ్రాముల మాంసము ముప్పది గ్రాములకు దిగును; మొదటి స్థానములో కూర్చున్న మాంసము నిజమునకు మూడవ స్థానమున ఉండవచ్చును. మరొక చమత్కారము కలదు. మొక్కజొన్నను ఒకటిగా వ్రాసినచో అది ముందుకు వచ్చును. మొక్కజొన్న, మొక్కజొన్న పిండి, మొక్కజొన్న గ్లూటెన్ అని ముక్కలు చేసి వ్రాసినచో ఒక్కొక్కటి వెనుకకు పోవును. ఆ ముక్కలను కలిపి చదువువాడే చదువరి.

పేరులో కూడ గమ్మత్తు ఉన్నది. అమెరికా నియమముల ప్రకారము "ట్యూనా" అని నేరుగా పేరు పెట్టినచో, చేర్చిన నీటిని మినహాయించి, నూటికి 95 పాళ్ళు ఆ చేప ఉండవలెను. "ట్యూనాతో" అన్నచో 3 పాళ్ళు చాలును. "ట్యూనా రుచి" అన్నచో ఆ రుచి తెలిసిన చాలును. ఒక్క విభక్తి ప్రత్యయము 95ను 3కు దించినది! వ్యాకరణము ఎందుకు పనికివచ్చునని అడుగు విద్యార్థులకు ఇంతకన్న మంచి ఉదాహరణ మాకు దొరకలేదు.

అయితే "ఉపోత్పత్తులు" అను మాట కనబడగానే ముక్కు మూసుకొనువారితో మేము ఏకీభవింపము. కాలేయము, గుండె, ఊపిరితిత్తులు వంటివే ఆ మాటకు అర్థము. కలేజీని, పాయాను, బోటీని ఇష్టముగా తిను ఇళ్ళలో పుట్టిన మనము వాటిని నీచమనుట తగదు. ఎలుకను పట్టిన పిల్లి కాలేయమును తీసివేసి తినదు కదా! ఏ జంతువు మాంసమో చెప్పక, ఊరక "మాంసము" అని వ్రాసినప్పుడు మాత్రము సందేహింపవలెను.

రెండు పొట్లములను పోల్చుటకు ఒక చిన్న లెక్క చాలును. డబ్బా తిండిలో మాంసకృత్తులు నూటికి 10, నీరు 78 అని ఉన్నది. పొడి తిండిలో మాంసకృత్తులు 32, నీరు 10 అని ఉన్నది. చూడగానే పొడిదే మేలనిపించును. నీటిని తీసివేయుడు: మొదటిది 22లో 10, అనగా నూటికి 45, రెండవది 90లో 32, అనగా 35 పైచిలుకు. గెలిచినది డబ్బాయే.

దుకాణపు పేరున్న సరుకు తక్కువది, పేరుమోసిన కంపెనీ సరుకు గొప్పది అనుకొనుట కూడ పొరపాటు. 2007 మార్చిలో మెనూ ఫుడ్స్ అను కెనడా సంస్థ ఉత్తర అమెరికాలో దాదాపు 6 కోట్ల డబ్బాలను, పొట్లములను వెనుకకు పిలిపించినది. వాటిలో వాల్‌మార్ట్ దుకాణముల స్పెషల్ కిట్టీ కలదు, ఖరీదైన అయామ్స్ కూడ కలదు. రెండింటినీ తయారు చేసినది ఆ ఒక్క సంస్థే! చైనా నుండి వచ్చిన గోధుమ గ్లూటెన్‌లో మెలమిన్‌ను కల్తీ చేసినారు. ఎందుకనగా 1883లో కెల్డాల్ కనిపెట్టిన పరీక్ష మాంసకృత్తులను నేరుగా కొలువదు. నత్రజనిని కొలిచి 6.25తో గుణించును. మెలమిన్ తూకములో మూడింట రెండు వంతులు నత్రజనియే. పరీక్షలో అది మాంసకృత్తుగా కనిపించినది. సయనూరిక్ ఆమ్లముతో కూడి మూత్రపిండములలో స్ఫటికమై అనేక పిల్లుల, కుక్కల ప్రాణములు తీసినది. మరుసటి ఏడు, 2008లో, చైనాలో పసిబిడ్డల పాలపొడిలో అదే మెలమిన్ బయటపడినది. పిల్లి గిన్నెలో మొదట మ్రోగిన గంటను మానవుడు సరిగా వినలేదు.

దేశములో బిడ్డలకే తిండి చాలనప్పుడు పిల్లి తిండిపై చర్చ యేల అని కార్యవర్గములోని పెద్దలు అడుగవచ్చును. అది న్యాయమైన ప్రశ్న. మా సమాధానము ఒక్కటే: బిడ్డ తిను బిస్కట్టు పొట్లము మీద కూడ పదార్థములు తూకపు వరుసలోనే ఉండును. ఒకటి చదువనేర్చినవాడు రెండవదీ చదువును. పైగా ఎలుకను వేటాడు జీవిని ఇంట మూసి ఉంచిన తరువాత దాని ఆకలి మన బాధ్యత. పిల్లిని బంధించి, తిండి పెట్టక, తిననూ వదలక చంపిన స్త్రీకి పట్టిన గతిని చెప్పు హదీసును మనలో విననివారు లేరు. పిల్లి శాపాలకు ఉట్టి తెగదంటారు. నిజమే, పిల్లి ఫిర్యాదు వ్రాయలేదు, వాపసు అడుగలేదు. అందుచేతనే దాని తరఫున చదువువాడు ఒకడు కావలెను.

రెండు విన్నపములు. మా రసాయనశాస్త్ర సహోద్యోగులు చివరి సంవత్సరపు విద్యార్థులకు కెల్డాల్ పరీక్షను, దానిని మోసగించిన విధమును ప్రయోగశాలలో చూపింతురుగాక. వసతిగృహమున ఎలుకల బాధను తీర్చు రెండు పిల్లులకు విడిగా తూచి ఇచ్చు పేరులేని తిండిని మాని, పిల్లులకేనని స్పష్టముగా వ్రాసిన సంపూర్ణాహారమును, చౌకదైనను సరే, కార్యవర్గము కొనుగాక.

భూరీ ఇప్పుడు మీసములతో గోడలను తడుముచు ఇల్లంతయు తిరుగుచున్నది. గిన్నె చప్పుడు వినగానే వచ్చి, మేము ఏమి పెట్టినను నమ్మి తినుచున్నది. ఆ నమ్మకము మాకు బరువుగా ఉన్నది. ఇప్పుడు పొట్లమును కత్తిరించుటకు ముందు వెనుకకు త్రిప్పి, చివరి అక్షరము వరకు చదువుచున్నాము.