బరి వీడిన విజేత

ఓటమి ఎరుగని ముష్టియోధుడు, ఒంట్లో ఇంకా సత్తువ ఉండగానే, చేతితొడుగులు విప్పి పక్కన పెట్టాడంటే లోకం రెండు రకాలుగా మాట్లాడుతుంది. అభిమానులు "ఎంతటి వివేకం!" అంటారు. తక్కినవాళ్ళు "ఓడిపోతానని భయం పట్టుకుంది" అంటారు. నాకు ఈ రెండు మాటలూ రుచించవు. మొదటిదానిలో పొగడ్త ఎక్కువ, రెండోదానిలో పరిశీలన తక్కువ. నా ఉద్దేశంలో అలా వైదొలగినవాడు, చాలా సందర్భాలలో, తన ఓటమిని అప్పటికే చూసి ఉంటాడు. అది గెలుపు వేషంలో వచ్చింది గనుక న్యాయనిర్ణేతలకూ, చప్పట్లు కొట్టినవారికీ కనబడలేదు. దెబ్బ తిన్న ఒంటికి మాత్రం తెలిసింది.

రాకీ మార్షియానోనే చూడండి. 1952 సెప్టెంబరులో జెర్సీ జో వాల్కాట్‌ను పదమూడో రౌండులో పడగొట్టి హెవీవెయిట్ ఛాంపియను అయ్యాడు. 1956 ఏప్రిల్ 27న విరమణ ప్రకటించాడు. అప్పటికి 49 పోటీలు, 49 విజయాలు, అందులో 43 నాకౌట్లు. వయసు 32. కుటుంబంతో గడపాలన్న కోరిక, మేనేజరు ఆల్ వైల్‌తో పొసగకపోవడం, ఇలా కారణాలు చాలానే చెబుతారు. అవన్నీ నిజాలే కావచ్చు. కాని నా దృష్టి ఎప్పుడూ అతని చివరి పోటీ మీదికే పోతుంది. 1955 సెప్టెంబరు 21న న్యూయార్కులోని యాంకీ స్టేడియంలో ఆర్చీ మూర్‌తో పోరాడాడు. మూర్ వయసులో అతనికంటే చాలా పెద్దవాడు. రెండో రౌండులో ఆ పెద్దవాడి దెబ్బకు మార్షియానో నేల మీద పడ్డాడు. లేచాడు, తొమ్మిదో రౌండులో మూర్‌ను కూల్చాడు. చరిత్రలో నిలిచింది తొమ్మిదో రౌండు. ఇంటికి వెళ్ళి పడుకున్నాక మార్షియానోకు గుర్తొచ్చింది రెండో రౌండేనని నా ఊహ. (ఊహే సుమా, ఆధారం అడగకండి.)

జో కాల్జాఘే కథ నా ఊహకు కొంత బలమిస్తుంది. వేల్సు దేశపు ఈ యోధుడు 46 పోటీలలో ఒక్కటీ ఓడలేదు. 2008 ఏప్రిల్‌లో బెర్నార్డ్ హాప్కిన్స్‌తోనూ, అదే ఏడు నవంబరులో రాయ్ జోన్స్ జూనియర్‌తోనూ పోరాడాడు. రెండింటిలోనూ మొదటి రౌండులోనే కింద పడ్డాడు, రెండింటినీ గెలిచాడు. 2009 ఫిబ్రవరిలో ఇక చాలన్నాడు. రెండుసార్లు వరుసగా మొదటి రౌండులో నేల ముఖం చూసినవాడికి మూడోసారి గురించి మనం చెప్పాలా?

ఇది మా పల్నాటివాళ్ళకు కొత్త సంగతేమీ కాదు. నరసరావుపేట, మాచర్ల వైపు తిరునాళ్ళలో ఒంగోలు జాతి ఎడ్లకు బండలాగుడు పోటీలు పెడతారు. పళ్ళు చూసి వయసు కట్టి, రెండు పళ్ళవీ నాలుగు పళ్ళవీ ఆరు పళ్ళవీ వేరువేరు విభాగాలు చేసి, నిర్ణీత సమయంలో ఏ జత ఎన్ని అడుగుల దూరం బండను లాగిందో కొలుస్తారు. చూడవచ్చిన జనం కొలతను చూస్తారు. జతను మేపినవాడు మాత్రం మలుపు దగ్గర ఎద్దు మోకాలు ఎలా వంగింది, నురుగు ఎంత ముందుగా కారింది, బండ కదిలే ముందు ఎన్ని క్షణాలు తడుముకుంది, ఇవన్నీ చూస్తాడు. మొదటి బహుమతి తెచ్చిన జతనే ఆ ఏడాదితో పోటీ కాడి నుంచి తప్పించిన రైతును ఎవరూ పిరికివాడని అనరు. ఎద్దుకు ఆ రైతు ఉన్నాడు. ముష్టియోధుడికి మాత్రం తన ఎద్దూ తనే, తన రైతూ తనే. ఒక్క మనిషి ఆ రెండు పాత్రలనూ పోషించడమే ఈ వృత్తిలోని కష్టం.

దీనికి తోడు సున్నా వ్యాపారం ఒకటుంది. వృత్తి బాక్సింగులో "ఓటములు: 0" అన్న అంకెకు ధర పలుకుతుంది. ఫ్లాయిడ్ మేవెదర్ 2015లో 49 దగ్గర ఆగి, 2017లో కోనర్ మెక్‌గ్రెగర్ కోసం తిరిగొచ్చి 50 చేశాడు. మెక్‌గ్రెగర్‌కు వృత్తి బాక్సరుగా అదే మొదటి పోటీ! మన విజేందర్ సింగ్ వరుసగా 12 గెలిచాక, 2021 మార్చిలో గోవాలో ఆ సున్నాను పోగొట్టుకున్నాడు. సున్నాను కాపాడుకోవడం కోసమే ఎవరైనా తప్పుకుంటే దాన్ని నేను సమర్థించను. అది కోశాధికారి పని, యోధుడి పని కాదు. మన నిఖత్ జరీన్‌ను చూడండి. నిజామాబాదు పిల్ల 2022లోనూ 2023లోనూ ప్రపంచ విజేత అయింది; 2024 పారిస్ ఒలింపిక్సులో చైనాకు చెందిన వూ యూ చేతిలో ఓడింది. అమెచ్యూరు బాక్సింగులో ఓడటం, మళ్ళీ శిక్షణకు వెళ్ళటం నిత్యకృత్యం. సున్నా మీద మోజు అక్కడ లేదు, అందుకే నాకు ఆ క్రీడ మీద గౌరవం ఎక్కువ.

కనుక నేను మెచ్చేది సున్నాను కాదు. మరి దేన్ని? అందుకు జో లూయీ కథ చెప్పుకోవాలి. 1937 నుంచి 1949 దాకా ఛాంపియనుగా ఉండి, 25 సార్లు బిరుదు నిలబెట్టుకుని, ఛాంపియనుగానే విరమించాడు. ఆ తరువాత ఆదాయపు పన్ను బకాయిలు మెడకు చుట్టుకున్నాయి. 1950లో తిరిగొచ్చి ఎజర్డ్ చార్ల్స్ చేతిలో ఓడాడు. 1951 అక్టోబరులో ఒక కుర్రవాడు ఎనిమిదో రౌండులో అతన్ని తాళ్ళ మధ్యనుంచి బయటికి పడేలా కొట్టాడు. ఆ కుర్రవాడే మార్షియానో. తను చిన్ననాటినుంచి ఆరాధించిన వాడిని తన చేతులతోనే పడగొట్టినవాడు, అయిదేళ్ళు తిరగకముందే కుర్చీ వదిలి లేచాడంటే నాకు ఆశ్చర్యం లేదు. బరిలో ఎక్కువ కాలం ఉంటే ఏమవుతుందో అతనికి ఒకరు చెప్పవలసిన పని లేదు. వైద్యులూ చెబుతూనే ఉన్నారు: 1928లోనే హారిసన్ మార్ట్‌లండ్ అనే అమెరికా వైద్యుడు, తలమీద దెబ్బలు తిన్న బాక్సర్లలో తాగినవాడిలా నడక తడబడటం, మాట ముద్దకావడం గురించి రాశాడు. ఆ దెబ్బలు పోటీలలో తగిలినవే కావు, సాధనలో రోజూ తగిలేవి కూడా. గెలుపోటముల పట్టికలో వాటికి గడి లేదు.

ఇక మా బ్రహ్మనాయుడి సంగతి. ఆయన అజేయుడేమీ కాదు. కోడిపోరులో నాగమ్మ పక్షానికి ఓడి మలిదేవాదులు ఏడేళ్ళు మాచర్ల విడిచి పోవలసి వచ్చినప్పుడు ఆయనా వెంట ఉన్నాడు. చివరికి కారంపూడి రణరంగంలో గెలిచాడు. ఆ గెలుపులో ఏం మిగిలింది? కొడుకు బాలచంద్రుడు పోయాడు. అరవై ఆరుగురు వీరులుగా తరతరాలు చెప్పుకునేవాళ్ళలో ఎందరో నాగులేటి ఒడ్డున నేలకొరిగారు. చెప్పేవారిని బట్టి కథలో తేడాలున్నా, రాజ్యాన్ని ఎదిరి పక్షపు నలగామునికే అప్పగించి, బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలంలోకి తపస్సుకు వెళ్ళిపోయాడన్నది పల్నాడంతా నమ్మే మాట. దీన్ని వైరాగ్యమని పండితులు సర్దేస్తారు. నేనలా అనుకోను. గురజాల సింహాసనం ఎదురుగా ఉండగా, దాని ఖరీదు ఎంతైందో లెక్క వేయగలిగిన ఒకే ఒక్క మనిషి ఆయన. గెలిచినవాడు కనుకనే ఆ లెక్క ఆయన నోట చెల్లుతుంది. ఓడి ఉంటే, అందని ద్రాక్షలంటూ నవ్వేవాళ్ళు. (చరిత్ర చమత్కారం ఏమిటంటే, పోరు చాలించినవాడు చేరాడనే ఆ గుత్తికొండ బిలంలోనే 1969లో చారు మజుందార్ వచ్చి విప్లవకారులతో సమావేశమయ్యాడు, పోరు మొదలుపెట్టడానికి!)

కారంపూడిలో నేటికీ కార్తీక అమావాస్యకు మొదలుపెట్టి అయిదు రోజులు వీరారాధన చేస్తారు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని రోజుకొక పేరు. ఆయుధాలకు పూజలు జరుగుతాయి. విరమణకంటూ ఒక రోజు లేదు. ఉండాలని నేను కోరను గాని, లేకపోవడం మాత్రం గమనించాను. పోరాడినవాడి కథ పాడుకోవడానికి వీలుగా ఉంటుంది, లేచి వెళ్ళిపోయినవాడి కథలో తాళం వేయడానికి చోటుండదు.

అయినా నా దృష్టిలో వెళ్ళడం కాదు కష్టం, తిరిగి రాకపోవడం. లూయీ రావలసి వచ్చింది, ఎందుకంటే అప్పు ఉంది. డబ్బు లేనివాడికి "పరువుగా తప్పుకో" అని హితవు చెప్పడం తేలిక. విరమణ కూడా కొంత ఆస్తి ఉన్నవాడికే దక్కే సౌకర్యమని ఒప్పుకోక తప్పదు. మార్షియానోకు కూడా పిలుపు వచ్చింది. 1959లో స్వీడను వీరుడు ఇంగెమార్ యోహాన్సన్ బిరుదు గెలవగానే, అతనితో పోటీ అంటే బోలెడంత డబ్బు. మార్షియానో గుట్టుగా సాధన మొదలుపెట్టాడు. ఒక నెల పాటు ఒంటిని పరీక్షించుకుని, ఆ ఆలోచనే మానుకున్నాడు. 1969 ఆగస్టు 31న, నలభై ఆరో పుట్టినరోజుకు ఒక్క రోజు ముందు, విమాన ప్రమాదంలో పోయేనాటికి అతని లెక్క 49 దగ్గరే ఉంది.