హార్మోనికా రికార్డుల పరిరక్షణము

జాతరలలోను, బొమ్మల దుకాణములలోను దొరకు మౌత్ ఆర్గాన్‌ను ఎరుగని బాలుడు అరుదు. ఊదినను అది పలుకును, పీల్చినను పలుకును. జేబులో ఇముడును, వెలయు స్వల్పమే. ఈ సులభత్వమే దానికి కీడు చేసినది. పెద్దలు దానిని ఆటవస్తువుగా ఎంచిరి. సంగీత సభలలో దానికి పీట వేయువారు కరువైరి. అయినను ఇరువదవ శతాబ్దపు మధ్యభాగమున పాశ్చాత్య దేశములలో కొందరు కళాకారులు ఈ చిన్న వాద్యమును వయొలిన్, పియానోల సరసన నిలిపిరి. వారి వాదనమును నేడు వినవలెనన్న ముఖ్యాధారము ఆనాటి గ్రామఫోను రికార్డులే. అవి నానాటికి అరిగిపోవుచున్నవి, పగిలిపోవుచున్నవి, పాతసామానుల గుట్టలలో కలిసిపోవుచున్నవి. వానిలోని నాదమును కంప్యూటరులోనికి ఎక్కించి భద్రపరచుటకు కొందరు పూనుకొనిరి. ఆ పని చేయదగినదే. కాని చేయు తీరును బట్టి అది రక్షణము కావచ్చును, రెండవసారి జరుగు నాశనమును కావచ్చును.

హార్మోనికాలో గాలి పోవు రంధ్రముల వెనుక సన్నని ఇత్తడి రేకులు అమర్చబడి యుండును. ఊపిరి తగిలినప్పుడు అవి కంపించి స్వరములు పలుకును. జర్మనీలోని ట్రాసింగెన్ పట్టణమున మత్తియాస్ హోనర్ 1857లో వీని తయారీని ప్రారంభించెను. సామాన్యమైన మౌత్ ఆర్గాన్‌పై అన్ని స్వరములును పలుకవు. ప్రక్కనున్న మీటను నొక్కినచో అర్ధస్వరము హెచ్చునట్లు చేసిన క్రొమాటిక్ హార్మోనికా వచ్చిన పిమ్మటనే గొప్ప కృతులకు అది పనికివచ్చినది.

అమెరికాలోని బాల్టిమోరు నగరమున 1914లో జన్మించిన లారీ ఆడ్లర్ ఈ వాద్యమునకు గౌరవము తెచ్చినవారిలో అగ్రగణ్యుడు. ఆయన కొరకు ఫ్రెంచి స్వరకర్త డారియస్ మియో 1942లోను, ఇంగ్లండునకు చెందిన రాల్ఫ్ వాన్ విలియమ్స్ 1951లోను, మాల్కమ్ ఆర్నాల్డ్ 1954లోను ప్రత్యేకముగా కృతులు రచించిరి. జాన్ సెబాస్టియన్ అను మరియొక అమెరికను వాదకుని కొరకు బ్రెజిల్ దేశపు మహాస్వరకర్త హెయిటర్ విల్లా లోబోస్ 1955-56లలో ఒక కన్చెర్టో కూర్చెను. కెనడాలో 1919లో జన్మించిన టామీ రైలీ కథ విచిత్రమైనది. అతడు జర్మనీలో వయొలిన్ అభ్యసించుచుండగా 1939లో యుద్ధము వచ్చినది. శత్రుదేశీయుడని అతనిని నిర్బంధించిరి. ఆ శిబిరములలోనే అతడు హార్మోనికాను దీక్షతో సాధన చేసెను. అతనికి ఆదర్శము మరియొక హార్మోనికా వాదకుడు కాదు. వయొలిన్ విద్వాంసుడైన యాషా హైఫెట్జ్!

ఇట్టివారి రికార్డులు పోయినచో పోవునది ఏమి? కృతులు స్వరలిపిలో అచ్చుపడియున్నవి గదా యని కొందరందురు. కాని స్వరలిపి ఏ స్వరమును పలికింపవలెనో చెప్పును. ఊపిరిని ఎంత నిలుపవలెనో, అరచేతులను ఎట్లు ముడిచి విప్పవలెనో చెప్పజాలదు. ఒకే కీర్తనను ఇద్దరు విద్వాంసులు పాడినప్పుడు కలుగు భేదము తెలుగు శ్రోతలకు క్రొత్త కాదు. వయొలిన్ వాదకులు తరతరములుగా వేలకొలది యున్నారు. ఒకరి రికార్డు పోయినను ఆ సంప్రదాయము నిలుచును. హార్మోనికాతో కచ్చేరీ వేదిక నెక్కినవారు కొలదిమంది మాత్రమే. వారి రికార్డులలో పెక్కు మరల అచ్చుకాలేదు.

రికార్డులు తీసిన సంస్థల వద్ద మూల టేపులు భద్రముగా నుండునని నమ్మి ఊరకుండుటయు వివేకము కాదు. 2008 జూన్ మాసమున హాలీవుడ్‌లోని యూనివర్సల్ స్టూడియో ఆవరణలో పుట్టిన అగ్నికి ఒక సంగీత భాండాగారము ఆహుతియైనది. అందు కాలిన టేపులెన్ని యను విషయమున వివాదము నడచినది గాని, కాలినవను మాట నిజము. అట్టి సమయమున ఎవరి ఇంటి అటకపైననో మిగిలిన రికార్డే మూలప్రతి యగును.

పూర్వపు రికార్డులు షెల్లాక్‌తో చేయబడెడివి. షెల్లాక్ అనగా లక్కయే. ఆ కాలమున లోకమునకు లక్కను అత్యధికముగా పంపినది భారతదేశము. ఛోటానాగపూరు అడవులలోని లక్కపురుగు శ్రమయే పాశ్చాత్య సంగీతమునకును ఆసనమైనది! 1948లో వినైల్‌తో చేసిన, నిమిషమునకు 33⅓ చుట్లు తిరుగు రికార్డులు వచ్చినవి. అట్టి రికార్డుపై ఒక ప్రక్కనున్న గాడిని చుట్టలు విప్పి చాచినచో సుమారు అర కిలోమీటరు పొడవుండును. గాడి గోడలపైని మిట్టపల్లములే సంగీతము. ముల్లు వానిపై నడచినప్పుడు కలుగు కంపమును యంత్రము విద్యుత్తుగా మార్చును. ఆ విద్యుత్తును సెకనునకు వేలకొలది పర్యాయములు కొలిచి, కొలతలను అంకెలుగా వ్రాసికొనుటయే డిజిటల్ చేయుట.

చెప్పుటకు సులభమే. చేయుటలో చిక్కులు పెక్కు. షెల్లాక్ రికార్డు గాడి వెడల్పైనది, వినైల్ గాడి సన్ననిది. దేని ముల్లు దానికి కావలెను. షెల్లాక్‌ను ఆల్కహాలుతో తుడిచినచో అది కరగిపోవును. ఇది తెలియక శుభ్రము చేయబోయి రికార్డును చెరచినవారు లేకపోలేదు. రికార్డు చేయునపుడు మంద్రధ్వనులను తగ్గించి తారధ్వనులను హెచ్చింతురు. వినునపుడు దానిని తిరుగవేయవలెను. 1954 ప్రాంతమున ఇందుకు ఒక సామాన్య ప్రమాణము ఏర్పడినది గాని అంతకుముందు ఒక్కొక్క సంస్థది ఒక్కొక్క కొలత. ఆ కొలత ఎరుగక ఎక్కించినచో హార్మోనికా తగరపు డబ్బావలె మ్రోగును. తప్పు వాదకునిది కాదు, ఎక్కించినవానిది.

రికార్డు నడిమి రంధ్రము ఒక వెంట్రుకవాసి ప్రక్కకు జరిగినను శ్రుతి ఊగును. పియానో స్వరము పుట్టినది మొదలు తగ్గిపోవుచుండును; హార్మోనికా స్వరము సూటిగా నిలుచును. కావున ఆ ఊగుట హార్మోనికాలో స్పష్టముగా వినిపించును. వాదకుడు చేతులతో చేయు కంపితమునకును దీనికిని భేదము గుర్తించు ఉపాయము కలదు. 33⅓ చుట్ల రికార్డు 1.8 సెకనులకు ఒక పర్యాయము తిరుగును. దోషము సరిగా ఆ లయతోనే వచ్చును. కంపితము అంతకంటె మిక్కిలి వేగమైనది. ఇట్టి దోషమును సవరించుట న్యాయమే.

అన్ని సవరణలును ఇట్టివి కావు. పాత రికార్డులో చిటపటలుండును, సన్నని బుసయుండును. వీనిని తొలగించు ప్రోగ్రాములు నేడు ఇంటింటికి వచ్చినవి. సంగీతము మొదలు కాకముందు గాడిలోని బుసను నమూనాగా తీసికొని, రికార్డు పొడవునను దానిని తగ్గించుట వానిలో ఒక పద్ధతి. ఇతర వాద్యముల యందు ఇది కొంత మేలు చేయవచ్చును. కాని హార్మోనికాకు ప్రాణమైన ఊపిరియు బుసవంటిదే గదా! రేకు పలుకుటకు ముందు వచ్చు గాలి సవ్వడి, రెండు వాక్యముల నడుమ వాదకుడు తీసికొను శ్వాస, యంత్రమునకు దుమ్మువలెనే తోచును. మీట జరిగినప్పుడు వచ్చు 'టక్' అను చిన్న శబ్దమును గీత పడిన చోట వచ్చు చిటపటగా భావించి అది చెరిపివేయును. ఫలితముగా మిగులునది నున్నగా, శుభ్రముగా నుండును. మనిషి మాత్రము అందుండడు. దేవాలయ కుడ్యముపై పాతచిత్రమునకు పట్టిన మసిని తుడువబోయి రంగును గీకివేసిన పని యిది.

చిటపటలతో కూడిన పాటను నేటి శ్రోతలు విందురా యని ప్రశ్నించువారున్నారు. ఆ ప్రశ్న తోసివేయదగినది కాదు. వినువారు లేని భాండాగారము ఎవరికి? వినువారి కొరకు ఒక శుభ్రమైన ప్రతిని చేయవచ్చును. కాని దానికి ముందు, ముల్లు పలికించినది పలికించినట్లుగా, ఏ సవరణయు లేని ప్రతి యొకటి వేరుగా నుండితీరవలెను. నేటి ప్రోగ్రాములు మొరటువి, రేపటివి సూక్ష్మమైనవి కావచ్చును. సవరింపని ప్రతి యున్నచో రేపటివారు మరల ప్రయత్నింపగలరు. పాత 78 చుట్ల రికార్డులను పెద్దయెత్తున డిజిటల్ చేసిన ఇంటర్నెట్ ఆర్కైవ్ సంస్థ, ఒకే రికార్డును నాలుగు పరిమాణముల ముండ్లతో ఏకకాలమున పలికించి, చిటపటలను తొలగింపకయే భద్రపరచినది. పద్ధతి మెచ్చదగినది. హక్కుల విషయమున 2023లో కొన్ని సంగీత సంస్థలు ఆ పనిపై దావా వేసినవి. భారతదేశమున రికార్డుపై హక్కు, అది వెలువడిన మరుసటి సంవత్సరము మొదలు 60 సంవత్సరము లుండును. ఇతర దేశముల నియమములు వేరు. భద్రపరచుట వేరు, పంచిపెట్టుట వేరు. రెండవదానికి చట్టము అడ్డు వచ్చినదని మొదటిదానిని మానుకొనుట తగదు.

స్థలము చాలదను సాకును నేడు చెల్లదు. సెకనునకు 96,000 పర్యాయములు, 24 బిట్ల సూక్ష్మతతో కొలిచినను ఒక గంట సంగీతమునకు పట్టునది సుమారు 2 గిగాబైట్లు. ఎంపీ3 వంటి రూపములు చెవికి అందవని తాము తలచిన ధ్వనులను పారవేసి స్థలమును మిగుల్చును. సేకరించి దాచుటకు అవి తగవు.

నాదముతోపాటు రికార్డు నడిమి చీటీని, అట్టసంచిని గూడ ఫోటో తీసి యుంచవలెను. పేరు పోవుట ఎంత తేలికయో ఆడ్లర్‌కు స్వానుభవమే. 1953లో వచ్చిన 'జెనివీవ్' చలనచిత్రమునకు సంగీతము కూర్చినది ఆయన. కాని రాజకీయ కారణములచే అమెరికాలో ఆయనను వెలివేసిన దినములవి. అక్కడి ప్రతులలో ఆయన పేరు లేదు. ఆస్కార్ బహుమతికి ఆ సంగీతము మరియొకరి పేరిట పరిశీలింపబడెను. 1986లో గాని ఆ పొరపాటు దిద్దబడలేదు.

డిజిటల్ చేసిన పిదప రికార్డుతో పనిలేదని పారవేయువారు తొందరపడుచున్నారు. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల శాస్త్రజ్ఞులు ముల్లు తాకకుండ, గాడిని ఛాయాచిత్రములుగా తీసి, ఆ చిత్రముల నుండి ధ్వనిని రాబట్టు పద్ధతిని రూపొందించిరి. 1860లో ఒక ఫ్రెంచివాడు పొగచూరిన కాగితముపై గీతలుగా నమోదు చేసిన పాటను 2008లో ఆ ప్రయోగశాలవారి సాయముతోనే తొలిసారి వినగలిగిరి. పగిలిన రికార్డుల నుండి సైతము ఇట్టి పద్ధతిచే కొంత ధ్వనిని రాబట్టవచ్చును. కావున రెండు ముక్కలైన హార్మోనికా రికార్డు దొరికినను, ఆ రెండు ముక్కలను జాగ్రత్తగా ఒకే సంచిలో నుంచి, పైన పేరు వ్రాసి, వెలుతురు సోకని చల్లని చోట దాచవలెను.