ఒక మకాన్, మూడు కీమత్‌లు



వాలిద్ సాహెబ్ ఇంతెకాల్ అయ్యారు. నలభై రోజులు గడిచాయి. ఇల్లు అమ్మేసి ఎవరి హిస్సా వాళ్లకు ఇచ్చేద్దామని ఖాందాన్ అంతా కూర్చుని మాట్లాడుకున్నారు. దలాల్ వచ్చి నాలుగు గదులూ చూశాడు. ‘ఎంత అనుకుంటున్నారు సాబ్?’ అని అడిగితే పెద్ద భాయి ఒక అంకె చెప్పాడు. దలాల్ ఇచ్చిన చాయ్ తాగి, సలాం చెప్పి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. ఒక ఏడాది, రెండేళ్లు, ఐదేళ్లు! ఈ కథ యాకుత్‌పురాలో ఉంది, మలక్‌పేటలో ఉంది, గుంటూరులో ఉంది, కర్నూలులో ఉంది, కడపలో ఉంది. అడిగితే ‘ఏం చేస్తాం, ఖరీదార్ దొరకలేదు, కిస్మత్’ అంటారు.

కిస్మత్ కాదు భాయ్, కీమత్. ఎవరూ కొనని ధర చెప్పడమంటే అమ్మనని చెప్పడమే. ఇల్లు మీ ఒక్కరిదే అయితే అది మీ ఇష్టం. నలుగురి హక్కు ఉన్న విరాసత్‌లో ఆ పని చేస్తే మాత్రం మిగతా ముగ్గురి హక్కు మీద కూర్చున్నట్టే. దీన్ని నేను జుల్మ్ అనే అంటాను. ఇంతకన్నా మెత్తని మాట నాకు దొరకలేదు.

‘ధర ఎంత చెప్పుకోవాలో అమ్మేవాడి ఇష్టం, షరియత్ దానికి హద్దు పెట్టలేదు’ అని కొందరు హజ్రత్‌లు వెంటనే అందుకుంటారు. నిజమే. మదీనాలో ధరలు పెరిగినప్పుడు నిర్ణయించమని అడిగితే ప్రవక్త (స) ఒప్పుకోలేదన్న హదీస్ మనందరికీ తెలుసు. కానీ అది ఎవరి మాల్ వాళ్లు అమ్ముకునే బజార్ సంగతి. అబ్బాజాన్ కన్నుమూసిన క్షణం నుంచే ఆ ఇంట్లో అమ్మీకి, కొడుకులకు, కూతుళ్లకు ఎవరి హిస్సా వాళ్లకు వచ్చేసింది. చావి పెద్ద భాయి జేబులో ఉండొచ్చు. దానితో ఆయన మాలిక్ అయిపోడు, అమీన్ అవుతాడు. అమానత్ పట్టుకున్నవాడికి తన షౌక్ కొద్దీ ధర చెప్పే హక్కు ఎక్కడిది?

ఒక లెక్క వేసి చూద్దాం. అమ్మీ ఉన్నారు. ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు. కర్జ్ ఏమీ లేదు, వసీయత్ లేదు, మెహర్ ఎప్పుడో చెల్లించేశారు. ఇల్లు నిజంగా 96 లక్షలకు పోతుంది అనుకోండి. సూరా నిసా 11, 12 ఆయత్‌ల ప్రకారం అమ్మీకి ఎనిమిదో వంతు, అంటే 12 లక్షలు. మిగిలిన 84 లక్షలను ఆరు భాగాలు చేస్తే కొడుక్కి రెండు, కూతురికి ఒకటి. ఒక్కో కొడుక్కి 28 లక్షలు, ఒక్కో కూతురికి 14 లక్షలు. పది నిమిషాల పని.

ఇప్పుడు పెద్ద భాయి ఈ ఇంటికే కోటీ ముప్పై లక్షలు చెప్పాడు. ఎవరూ రాలేదు. మూడేళ్లు గడిచాయి. ఆ మూడేళ్లూ ఆయన బీవీ పిల్లలతో ఆ ఇంట్లోనే ఉన్నాడు. ఆ ఇంటికి నెలకు 20 వేలు కిరాయి వస్తుందనుకుంటే ఏడాదికి 2 లక్షల 40 వేలు. అందులో ఒక్కో ఆపా వంతు 35 వేలు, మూడేళ్లకు లక్షా ఐదు వేలు. ఇచ్చాడా? ఆ మాట ఎత్తితే ‘సొంత భాయిని కిరాయి అడుగుతావా’ అని ఎదురు గొడవ. ఇక్కడే అసలు సంగతి ఉంది. ధర చెప్పేవాడు ఆ ఇంట్లోనే ఉంటున్నాడు. ఇల్లు అమ్ముడుపోకపోతే ఆయనకు పోయేది ఏమీ లేదు. పోయేదంతా కిరాయి ఇంట్లో ఉంటూ, కూతురి ఫీజు కోసం బంగారం తాకట్టు పెట్టే ఆపాకే.

కోటీ ముప్పై అనే అంకె ఎక్కడి నుంచి పుట్టింది? 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం 100 కోట్లు దాటింది. మరునాడు పాతబస్తీలో, కారు దూరని గల్లీలో ఉన్న ఎనభై గజాల ఇంటి ధర కూడా పెరిగిపోయింది! అక్కడ ముప్పై, నలభై అంతస్తులు లేపే బిల్డర్ కొన్నాడు. మీ గల్లీలోకి ఇసుక ట్రాక్టర్ కూడా రాదు. ఆ ధరకూ ఈ ఇంటికీ ఏం రిష్తా? ఇంకొకరు ‘అబ్బా సౌదీలో ఇరవై ఏళ్లు చెమటోడ్చి కట్టారు’ అంటారు. అల్లాహ్ ఆయన కష్టానికి అజ్ర్ ఇవ్వాలి, ఆమీన్. కానీ ఖరీదార్ ఆ చెమటకు పైసలు ఇవ్వడు. ముప్పై ఏళ్ల పాత కట్టడాన్ని కూల్చి కొత్తగా కట్టుకుందామని వచ్చేవాడు నేలకు లెక్క కడతాడు, షాబాద్ బండలకు కాదు. మరొకరు ‘ఇద్దరు పిల్లల నికాహ్‌లు చేయాలి, అంత రావాల్సిందే’ అంటారు. మీ జరూరత్‌ను బట్టి బజార్ నడుస్తుందా?

అన్నిటికన్నా పాడు మాట ఇంకొకటి ఉంది. ‘ఫలానా దుబాయ్ సేట్ అప్పుడే కోటీ పాతిక అడిగాడు, మేమే ఇవ్వలేదు.’ ఏ సేటూ అడగలేదు. కొనే నియ్యత్ లేకుండా ధర పెంచడానికి బేరం ఆడడాన్ని నజష్ అంటారు, ప్రవక్త (స) దాన్ని మనా చేశారు. లేని సేట్‌ను పుట్టించడం దానికి దగ్గరి చుట్టమే. అమ్మేవాడు, కొనేవాడు నిజం చెప్పుకుని, ఐబ్ దాచకుండా ఉంటే ఆ సౌదాలో బర్కత్ ఉంటుందని, దాచిపెడితే బర్కత్ పోతుందని కూడా హదీస్‌లోనే ఉంది. ఐదు పూటలా మొదటి సఫ్‌లో నిలబడేవాళ్లకు ఇది నేను చెప్పాలా?

ఇది మొదటి కీమత్, ఖరీదార్‌కు చెప్పేది. రెండోది చెల్లెలికి చెప్పేది. ఎప్పుడైనా ఇలా అడిగి చూడండి: ‘భాయీజాన్, ఇల్లు కోటీ ముప్పై పలుకుతుందంటున్నారు కదా. ఆ లెక్కన మా హిస్సాలు మాకు ఇచ్చేసి మకాన్ మీరే ఉంచుకోండి.’ అప్పుడు చూడాలి తమాషా! గోడలకు చెమ్మ ఉందని గుర్తొస్తుంది. గల్లీ ఇరుకని గుర్తొస్తుంది. కాగితాల్లో లోపం కనబడుతుంది. కోటీ ముప్పై కాస్తా అరవై లక్షలకు దిగుతుంది. అరవై లెక్కన ఆపాకు వచ్చేది 8 లక్షల 75 వేలు. న్యాయంగా రావాల్సింది 14 లక్షలు. పైగా ‘నీ షాదీకి జహేజ్ ఇచ్చాం కదా’ అని ఒక దెప్పు. జహేజ్ ఇచ్చినంత మాత్రాన విరాసత్‌లో హక్ పోతుందని ఏ ఆయత్ చెప్పింది?

మూడో కీమత్ దస్తావేజులోది. ఇల్లు 96కే అమ్ముడుపోయింది. కాగితం మీద 70 రాశారు, మిగతా 26 లక్షలు సంచిలో వచ్చాయి. చెల్లెలికి కాగితం చూపించి 10 లక్షల 20 వేలు చేతిలో పెట్టారు. దాదాపు 3 లక్షల 80 వేలు ఆమెకు తెలియకుండానే మాయం. ఇల్లు, స్థలం సౌదాలో 20 వేలు, ఆపైన నగదుగా పుచ్చుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు, అది ఒక సంగతి. అంతకన్నా పెద్ద సంగతి, సంచిలో వచ్చిన పైసలో మొదట మునిగేది ఆడపిల్ల హిస్సానే.

అయితే సరైన కీమత్ తెలుసుకోవడం ఎలా? ఇదేమీ ఇల్మె గైబ్ కాదు. మీ గల్లీలో గత ఏడాదిలో నిజంగా అమ్ముడైన ఇళ్లు ఏవో చూడండి. అమ్మకానికి పెట్టినవి కాదు, అమ్ముడైనవి. పక్కింటాయన కూడా మీలాగే మూడేళ్లుగా బోర్డు పెట్టుకుని కూర్చుని ఉంటే ఆయన అంకె మీకు దలీల్ కాదు. ఇటీవల కొన్నవాళ్లను వెళ్లి అడగండి, అమ్మేవాళ్లను కాదు. చుట్టుపక్కల ఇళ్లకు ఈసీ తీయిస్తే ఏ సౌదా ఎంతకు రిజిస్టర్ అయిందో కనబడుతుంది. కాగితం మీది అంకె అసలు ధరకన్నా తక్కువ ఉండొచ్చు కాబట్టి దానికి కొన్నవాళ్ల నోటి మాట కూడా కలుపుకోండి. ఒక్క దలాల్ మాట మీద నడవకండి, ఒకరికొకరు సంబంధం లేని ఇద్దరిని అడగండి. ఫీజు తీసుకుని రాసిచ్చే రిజిస్టర్డ్ వాల్యుయర్ చేత రిపోర్టు రాయించండి. ఆ రిపోర్టు కాపీ దమ్మామ్‌లో ఉన్న తమ్ముడికీ, నిజామాబాద్‌లో ఉన్న ఆపాకూ ఒకేరోజు పంపండి.

తర్వాత నేలకు వేరుగా, కట్టడానికి వేరుగా లెక్క వేయండి. రోడ్డు ఎంత వెడల్పు, కారు వస్తుందా, కాగితాలు ఎలా ఉన్నాయి అన్నది నిజాయతీగా రాయండి. మన మొహల్లాల్లో నోటరీ కాగితాల మీద చేతులు మారిన ఇళ్లు చాలా ఉన్నాయి. వంద రూపాయలు, ఆపైన విలువ ఉన్న స్థిరాస్తి అమ్మకం రిజిస్టర్ కావాల్సిందేనని చట్టం. నోటరీ ఇంటికి బ్యాంకు లోన్ దొరకడం కష్టం, అందుకే ధరా తక్కువ. రిజిస్టర్డ్ ఇంటి ధర దానికి అతికించకండి.

కొనేవాడి జేబు వైపు కూడా ఒకసారి చూడండి. ఆంధ్రలో అయినా తెలంగాణలో అయినా స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చులు కలిపి 7.5 శాతం. 96 లక్షల ఇంటికి అది 7 లక్షల 20 వేలు. బ్యాంకు తన వాల్యుయర్ కట్టిన విలువ మీదే లోన్ ఇస్తుంది, మీరు చెప్పిన అంకె మీద కాదు. లోన్ 75 లక్షలు దాటితే ఆ విలువలో 75 శాతానికి మించి ఇవ్వదు. ఇక మన మొహల్లాలో కొనడానికి వచ్చేవాళ్లలో సూద్ వద్దనుకుని లోన్ జోలికే పోనివాళ్లు ఎంతమంది! వాళ్లు మొత్తం రకం చేతిలో పెట్టుకుని రావాలి. అలాంటి ఖరీదార్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది ఉంటారు. వాళ్లను మొదటి మాటతోనే తరిమేస్తే రెండోసారి ఎవరొస్తారు? బేరానికి నాలుగైదు శాతం పైన వేసుకోండి, తప్పులేదు. రెండు నెలలు చూడండి. చూసేవాళ్లు వచ్చి, బేరం కూడా ఆడకుండా వెళ్లిపోతున్నారంటే లోపం వాళ్లలో లేదు, మీ అంకెలో ఉంది.

‘తొందరపడి తక్కువకు అమ్మితే చెల్లెళ్లకే కదా నష్టం’ అంటారు. కరెక్ట్. సొంత సాలాకో, దోస్త్‌కో సగం ధరకు కట్టబెట్టడం కూడా జుల్మే. అందుకే వాల్యుయర్ రిపోర్టు అందరి చేతికీ వెళ్లాలి అంటున్నాను. ‘ఆగితే ధర పెరుగుతుంది’ అంటారు. పెరగొచ్చు. ఆగుదామని హిస్సా ఉన్న అందరూ, అమ్మీతో సహా, ఇష్టపూర్వకంగా ఒప్పుకుంటే ఆగండి. ఎన్నాళ్లు ఆగుతారో రాసుకోండి, ఆ ఇంట్లో ఉంటున్నవాళ్లు మిగతావాళ్ల వంతు కిరాయి నెలనెలా ఇవ్వండి. ఆగే ఫైస్లా ఒకరిది, నష్టం ఇంకొకరిది అయితే దాన్ని సబ్ర్ అని పిలవకండి. ‘ఇంత తక్కువకా, ఖాందాన్ ఇజ్జత్ ఏం కావాలి’ అంటారు. చెల్లెలు కోర్టులో పార్టీషన్ దావా వేసి, సొంత అన్న మీద వకాలత్ మీద సంతకం పెట్టిన రోజున ఇజ్జత్ ఎక్కడ ఉంటుంది?

ఆపాలకూ ఒక మాట. ‘అన్న మనసు కష్టపెట్టకూడదు’ అని నోరు కట్టుకోకండి. హక్ అడగడం బేఅదబీ కాదు. ఎంత చెబుతున్నారు, ఎవరు వచ్చారు, ఎంత అడిగారు అని ప్రతిసారీ తెలుసుకోండి. దస్తావేజు పూర్తిగా చదవకుండా, మీ హిస్సా మీ బ్యాంకు ఖాతాలోకి రాకుండా దస్తఖత్ పెట్టకండి. మాఫ్ చేయాలనుకుంటే చేయండి, అది మీ గొప్పతనం. కానీ ముందు ఎంత మాఫ్ చేస్తున్నారో అసలు అంకె తెలుసుకుని చేయండి.

భాయీలకు నా మాట ఒక్కటే. మీరు చెప్పే ధరకు మీ చెల్లెలి హిస్సా మీరే కొనడానికి తయారుగా ఉన్నారా? ఉంటే ఆ ధర చెప్పండి, ఎవరూ మిమ్మల్ని తప్పుపట్టరు. లేకపోతే అది కీమత్ కాదు, బహానా. ఖరీదార్‌కు, చెల్లెలికి, దస్తావేజుకు ఒకే అంకె పెట్టండి. అబ్బాజాన్ పేరున మస్జిద్‌లో ఫ్యాన్ కట్టించడం తర్వాత చూసుకోవచ్చు. ముందు ఆయన కూతురి 14 లక్షలు ఆమెకు చేర్చండి.