వెర్షను సంఖ్య యెచ్చట నుండవలెను?

రేణిగుంట కూడలియందు చెన్నపట్టణము నుండి బొంబాయి పోవు రైలుమార్గమును, గూడూరు నుండి కాట్పాడి పోవు మార్గమును కలిసికొనునని మన విద్యార్థులలో నెరుగనివారు లేరు. ఐనను బండి కదలుటకు ముందు జరుగు నొక చిన్న పనిని గమనించినవారు కొలదిమంది మాత్రమే. బండి బయలుదేరు స్టేషనులోను, సిబ్బంది మారు స్టేషనులోను గార్డు, అనగా 2022 నుండి ట్రెయిన్ మేనేజరని పిలువబడుచున్న యుద్యోగి, తన చేతిగడియారమును స్టేషను గడియారముతో సరిపెట్టుకొని ఆ వేళను ఇంజనుడ్రైవరునకు దెలుపును. డ్రైవరు తన గడియారమును దానిని బట్టి దిద్దుకొనును. ఇది రైల్వే నియమము. ఎవరి గడియారము వారికి మంచిదే యని నమ్ముకొని బయలుదేరుటకు వీలులేదు. స్టేషను గడియారము మూలము. తక్కిన రెండును దాని ప్రతులు. నేను చెప్పబోవు విషయము చాలవరకు నీ నియమములోనే యిమిడియున్నది గాని, అది కంప్యూటరు ప్రోగ్రాములకు సంబంధించినది గనుక కొంత వివరింపవలసి యున్నది.

పుస్తకమునకు ప్రథమ ముద్రణము, ద్వితీయ ముద్రణము నున్నట్లే ప్రోగ్రామునకును వెర్షనులు గలవు. సాధారణముగా వీనిని చుక్కలతో వేరుచేసిన మూడు సంఖ్యలుగా వ్రాయుదురు. టామ్ ప్రెస్టన్-వెర్నర్ అను నతడు కూర్చిన నియమావళి (దీని 2.0.0 పాఠము 2013లో వెలువడినది) ననుసరించి, మొదటి సంఖ్య మారినచో పాతపద్ధతితో పొసగని మార్పు వచ్చినదనియు, రెండవది మారినచో పాతదానికి భంగము లేకుండ క్రొత్త సౌకర్యము చేరినదనియు, మూడవది మారినచో దోషము మాత్రము దిద్దబడినదనియు గ్రహింపవలెను. ఒకసారి వెలువరించిన వెర్షనులోని పాఠమును తిరిగి ముట్టరాదు. అక్షరము మార్చినను క్రొత్త సంఖ్య నీయవలెను. ఇవి దశాంశములు కావని విద్యార్థులు మరువరాదు. 1.9 తరువాత వచ్చునది 1.10; అది 1.9 కంటె పెద్దది. దశాంశములు బాగుగా నేర్చినవారే యిచ్చట తప్పుదురని నా యనుభవము.

చిక్కెచ్చట పుట్టుచున్నదనగా, ఈ సంఖ్య యొక్కచోట నిలిచియుండదు. ప్రోగ్రాము వివరములు తెలుపు ఫైలులో నొకటి యుండును. ఈ ఫైలు పైథానువారికి పైప్రాజెక్ట్.టామ్ల్, జావాస్క్రిప్టువారికి ప్యాకేజ్.జేసన్. ఈ రెండవదానికి ప్యాకేజ్-లాక్.జేసన్ అను తోబుట్టువు గలదు. అందును అదే సంఖ్య మరల నుండును. ఇవిగాక ప్రోగ్రాము నడచునపుడు తెరమీద కనబడునది యొకటి, రీడ్‌మీ యను పరిచయపత్రములోనిది యొకటి, మార్పుల చిట్టాలోనిది యొకటి, గిట్‌లో వేయు ట్యాగు ఒకటి. ఇన్నిచోట్ల నొకే సంఖ్యను చేతితో దిద్దువాడు ఏదో యొకదానిని మరచుట మానవస్వభావము. అందును రాత్రి పొద్దుపోయిన తరువాత, కరెంటు పోకముందే పని ముగింపవలెనను తొందరలో దిద్దువాని సంగతి చెప్పనేల!

మా పాఠశాలలో జరిగినదానిని దాచక చెప్పెదను. మా కంప్యూటరు సంఘపు పిల్లలు హాజరు లెక్కించుటకు పైథాను భాషలో నొక చిన్న ప్రోగ్రాము వ్రాసిరి. దాని 1.2 వెర్షనులో, పాఠశాల తరఫున ఆటలపోటీలకు వెళ్లిన దినములు గైరుహాజరు క్రింద లెక్కకు వచ్చుచుండెను. ఇది యన్యాయమని తెలిసికొని 1.3లో దానిని దిద్దిరి. తెరమీది సంఖ్యను మార్చిరి. మార్పుల చిట్టాలో వ్రాసిరి. ఆఫీసు కంప్యూటరునకు నకలు చేయునపుడు మాత్రము తెరను చూపు ఫైలు వెళ్లినది, లెక్క చేయు ఫైలు వెళ్లలేదు. ఆ ఫైలు తలపున 1.2 అని వ్రాసియే యుండెను గాని దానిని తెరిచి చూచినవారు లేరు. తెరమీద 1.3, లోపల 1.2.

సంవత్సరాంతమున 200 పనిదినములలో ఒక బాలిక 148 దినములు మాత్రమే వచ్చినట్లు, అనగా నూటికి 74 వంతులని, ఆ యంత్రము చూపెను. కావలసినది 75. ఆమె తల్లి రైలుస్టేషను వెలుపల పూలమ్ముకొని జీవించునది. కబురందగానే పూలబుట్టతోనే వచ్చి ఆఫీసు వాకిట నిలిచినది. "జ్వరమొచ్చినా మా పాప ఇస్కూలు యెగ్గొట్టలేదు సామీ" యని యామె పలుమారులు మొరపెట్టుకొనెను. గుమాస్తా తెరవైపు వ్రేలుచూపి "ఇది క్రొత్త వెర్షనమ్మా, తప్పులన్నీ దిద్దినారు" అనెను. ఆయన అబద్ధమాడలేదు. ఆయన నమ్మిన సంఖ్య యబద్ధమాడినది.

సంఘపు పిల్లలను పిలిపింపగా వారు తమయొద్ద నున్న 1.3 పాఠమునంతయు పంక్తి పంక్తిగా వెదకిరి. అందు దోషము లేదు. లేనిచోట వెదకిన దొరకునా? తుదకు తరగతి ఉపాధ్యాయురాలు తన చేతివ్రాత రిజిస్టరు తెచ్చి, ఖోఖో పోటీలకు పోయిన నాలుగు దినములను చేర్చి 152, అనగా 76 వంతులు, అని తేల్చువరకు రెండు దినములు పట్టినది. ఆ రెండు దినములును ఆ బాలిక సిగ్గుచే ప్రత్యేక తరగతులకు రాలేదు. మా వలన జరిగిన నష్టములో తిరిగి పూడ్చలేనిది అదియే.

ఇది చిన్న బడిలో జరిగిన చిన్న పొరపాటని కొందరు నవ్వవచ్చును. 2012 ఆగష్టు 1వ తేదీన అమెరికాలో నైట్ క్యాపిటల్ అను వాటాల వ్యాపారసంస్థకు జరిగినదియు ఇట్టిదే. వారు తమ ఎనిమిది సర్వరులలో ఏడింటియందు క్రొత్త ప్రోగ్రామును పెట్టి, ఎనిమిదవదానియందు పెట్టుట మరచిరి. ఆ యొక్క యంత్రములో ఏండ్ల తరబడి వాడుకలేక పడియున్న పాతభాగము మేల్కొని, రమారమి 45 నిమిషములలో ఆ సంస్థకు 40 కోట్ల డాలర్లకు మించిన నష్టము తెచ్చెను. మరుసటి సంవత్సరము ఆ సంస్థ వేరొకదానిలో విలీనమైపోయినది. అచ్చట తప్పినది ఫైలు గాని సంఖ్య కాదని యెవరైన నాక్షేపింపవచ్చును. అది నిజమే. కాని ఎనిమిది యంత్రములును తమలోపల నడచుచున్న వెర్షను నున్నదున్నట్లు చెప్పి, వానిని వ్యాపారము మొదలగుటకు ముందు పోల్చిచూచు నేర్పాటు ఉండినయెడల, ఆ యెనిమిదవది తప్పక బయటపడియుండెడిది. సంఖ్య యొక్క ప్రయోజనమంతయు అదియే గదా!

మన ప్రాంతమువారికి ప్రతులు సరిపడని బాధ క్రొత్తది కాదు. 2022 ఏప్రిల్ 4వ తేదీన తిరుపతి జిల్లా యేర్పడువరకు రేణిగుంట చిత్తూరు జిల్లాలోనిది. ఊరు కదలలేదు, చిరునామా కదలినది. ఒక కాగితమున చిత్తూరనియు వేరొక కాగితమున తిరుపతియనియు ఉన్నవారు ఇప్పటికిని కలరు. రైలుబండ్ల సంఖ్యల సంగతి చూడుడు. 2010 డిసెంబరు 20న అవి నాలుగంకెల నుండి ఐదంకెలకు మారినవి. 2020లో మహమ్మారి కాలమున ప్రత్యేకపు బండ్లకు మొదట సున్న చేర్చిరి. 2021 నవంబరు మొదలు దానిని తీసివేసిరి. ఇట్టి మార్పు వచ్చినప్పుడెల్ల టికెట్టు, పెట్టెమీది బోర్డు, కాలపట్టిక, ప్లాట్‌ఫారము మైకు అన్నియు ఒక్కసారిగా మారవలెను. ఒక్కటి వెనుకబడినను మూటలతో పరుగెత్తవలసినవాడు ప్రయాణికుడే.

ఇక చేయవలసినదేమన, సంఖ్యను మనుష్యుడు చేతితో వ్రాయు స్థలము ఒక్కటే యుండవలెను. తక్కినవి దానిని చదివి చెప్పవలెను. పైథానులో ఇంపోర్ట్‌లిబ్.మెటాడేటా యను సాధనముచే ప్రోగ్రాము తన వెర్షనును ప్యాకేజీ వివరములనుండియే తీసికొనగలదు. సెటప్‌టూల్స్-ఎస్‌సీఎం అనునది గిట్ ట్యాగునుండియే సంఖ్యను గ్రహించును. జావాస్క్రిప్టువారికి ఎన్‌పీఎం వెర్షన్ అను ఒక్క ఆజ్ఞతో ఆ రెండు జేసన్ ఫైలులును మారి, గిట్ ట్యాగును పడును. ఇన్ని చోట్లను ఒకేమారు దిద్దిపెట్టు ఇతర పనిముట్లును కలవు. వాని నేను నిందింపను గాని మొదటి మార్గమే నాకు మేలుగ తోచుచున్నది. దిద్దు పనిముట్టునకు మనము పట్టికలో వ్రాసియిచ్చిన చోట్లు మాత్రమే తెలియును; పట్టికలో లేని ఆరవచోటు ఎప్పటివలె పాతదిగనే యుండిపోవును. ప్రతి లేనిచోట ప్రతిలో తప్పు పుట్టదు. ఇక ప్రతి తప్పనిసరియైన చోట, వెలువరించుటకు ముందు యంత్రమే అన్నిటిని పోల్చి, తేడా యున్నచో పని నాపివేయునట్లు పరీక్ష యొకటి పెట్టవలెను. దీనిని జ్ఞాపకశక్తికి విడువరాదు. మా సంఘములో మిక్కిలి జాగ్రత్తగల విద్యార్థియే నాడు నకలు చేసినవాడని చెప్పుటకు నేను వెనుదీయను.

గిట్ ప్రతి మార్పునకును తానే యొక పొడవైన గుర్తు వేయుచున్నది గదా, సంఖ్య యెందుకని చతురులైన పిల్లలడుగుదురు. ఆ గుర్తు యంత్రమునకు చాలును. పూలబుట్టతో నిలిచిన తల్లికి గాని, ఫోనులో మాటలాడు గుమాస్తాకు గాని నలువది యక్షరముల గుర్తు చదివి వినిపింపగలమా? "ఒకటి చుక్క మూడు" అని యెవరైనను చెప్పగలరు. సంఖ్యతో వినోదించినవారును లేకపోలేదు. డొనాల్డ్ క్నూత్ పండితుడు తన టెక్ అను అచ్చుకూర్పు ప్రోగ్రాము వెర్షనును పై విలువవైపు ఒక్కొక్క అంకె పొడిగించుచు వచ్చెను; 2021లో అది 3.141592653 అయినది. తన మరణానంతరము దానిని పై యనియే స్థిరపరచి, మిగిలిన దోషములను గుణములుగా నెంచవలెనని ఆయన వ్రాసియుంచినాడు. కలము ఒక్కని చేతిలో నున్నపుడు అట్టి వినోదము చెల్లును. పదిమంది పిల్లలు దిద్దు ప్రోగ్రామునకు అది తగదు.

ఇప్పుడు మా హాజరు ప్రోగ్రాము 1.4.2. సంఖ్య ఒక్క ఫైలులోనే యున్నది. ప్రారంభమున తెరఫైలును లెక్కఫైలును ఒకే విడుదలలోనివా యని చూచుకొని, కానిచో లెక్క చేయక ఎర్రయక్షరములు చూపి ఆగిపోవును. ఈ సంవత్సరము రెండుమారు లట్లాగినది; గుమాస్తా విసుగుకొన్నను మాకు సంతోషమే కలిగినది. ఐతే ఆఫీసు గోడకంటించిన వాడుకసూచనల కాగితముమీద ఇంకను 1.3 అనియే యున్నది. కాగితముమీద సంఖ్యయే అక్కరలేదని నా వాదము. సంఖ్య లేనిచో ఆ సూచనలు ఏ వెర్షనువో యెట్లు తెలియునని సంఘకార్యదర్శియైన విద్యార్థి వాదము. అతని మాటలో న్యాయము లేకపోలేదు. వచ్చు శనివారము దీనిని గూర్చి మరల కూర్చుండ నిశ్చయించుకొన్నాము.