పసిబిడ్డ చెయ్యి కంచంలో పడనివ్వాలి

అన్నప్రాసన నాడు బిడ్డ ముందు పుస్తకం, కలం, బంగారం, కత్తి పెట్టి, దేనిమీద చెయ్యి వేస్తుందోనని ఇంటిల్లిపాదీ కళ్లప్పగించి చూస్తారు. కాణిపాకంలో చేయించినా, తిరుచానూరులో చేయించినా, ఊళ్లో రాములవారి గుడిలో చేయించినా ఈ ముచ్చట ఒకటే. పుస్తకం పట్టుకుంటే కలెక్టరవుతుందని మురిసిపోతారు. మర్నాడు అదే బిడ్డ అన్నం గిన్నెలో చెయ్యి పెట్టబోతే మాత్రం ఆ చేతిని తోసేస్తారు. మీదంతా పూసుకుంటుందని కసురుకుంటారు. ముందురోజు చెయ్యి చాచడం ముద్దు, మర్నాడు అదే తప్పు! ఇదెక్కడి న్యాయమో పెద్దలే ఆలోచించాలి.

ఆరు నెలలు నిండగానే తల్లిపాలకు తోడు పైఆహారం మొదలుపెట్టాలనీ, పాలు మాత్రం రెండేళ్ల దాకా మానిపించనక్కర లేదనీ ఇప్పుడు పల్లెల్లో చాలామందికి తెలుసు. అంగన్‌వాడీలో చెబుతున్నారు, ఆస్పత్రిలో చెబుతున్నారు. అయితే ఏం పెట్టాలో చెప్పినంతగా, ఎలా పెట్టాలో చెప్పేవారు తక్కువ. చిక్కంతా అక్కడే ఉంది.

చిత్తూరు, తిరుపతి పల్లెల్లో తల్లి పొద్దున లేస్తే పశువుల పని, ఆపైన కూలి పని. బిడ్డ అవ్వ చేతిలో ఉంటుంది. అవ్వకు మోకాళ్ల నొప్పులు, పొయ్యి పని, ఇంకో మనవడి బడి. కాబట్టి తొందరగా ముగిసే పద్ధతినే ఆమె ఎంచుకుంటుంది. రాగిజావ పలచగా కాచి ఉగ్గుగిన్నెతో పోసేస్తుంది. లేదా పాలసీసాలో నింపి నోట్లో పెడుతుంది. కొన్ని ఇళ్లలో కాళ్లమీద పడుకోబెట్టుకుని, బిడ్డ ఏడుస్తున్నా ఆపకుండా పోస్తారు. ఏడ్చే బిడ్డ నోట్లో పోసిన జావ ఊపిరితిత్తుల్లోకి జారే ప్రమాదం ఉంది. ఈ పద్ధతిని వెంటనే మానుకోవాలి. సెల్‌ఫోన్ చూపించి, ఆ మైకంలో నాలుగు ముద్దలు నోట్లో కుక్కడం కొత్తగా వచ్చిన రోగం. ఏం తిన్నదో, ఎంత తిన్నదో ఆ బిడ్డకే తెలియదు.

పలచటి జావలో ఉండేది నీళ్లే. పిడికెడంత కడుపు నీళ్లతో నిండిపోతే బలం ఎక్కడి నుంచి వస్తుంది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ప్రకారం దేశంలో ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపు పిల్లల్లో సరిపడా ఆహారం అందుతున్నది నూటికి సుమారు 11 మందికే. ఆంధ్రప్రదేశ్‌లో ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో నూటికి 63 మందికి రక్తహీనత ఉంది. రాగులు పండే సీమలో, పాలకు పేరుపడ్డ జిల్లాలో ఇది చిన్న విషయం కాదు.

ఇక పట్నాల్లో మరో వేలం వెర్రి మొదలైంది. చెంచా అసలు ముట్టుకోకూడదట, బిడ్డే తన చేత్తో తినాలట. ఇంగ్లండులో గిల్ రాప్లీ అనే ఆమె 2008లో ఈ పద్ధతి మీద పుస్తకం రాసిన తర్వాత ఇది దేశదేశాలకూ పాకింది. అందులో మంచి లేకపోలేదు. కానీ ఆరేడు నెలల బిడ్డ తన చేత్తో నోట్లోకి చేర్చుకునేది కొంచెం, ఒంటికి పూసుకునేది ఎక్కువ. ఇనుము, మాంసకృత్తులు చాలినంత అందవలసిన వయసు అది. సగం మంది పిల్లలు రక్తం చాలక ఉన్నచోట, బిడ్డ ఎంత తింటే అంతే అని వదిలెయ్యడం కుదరదు.

అందుకే రెండూ కావాలి. కడుపు నింపడానికి తల్లి చెయ్యి, తినడం నేర్చుకోవడానికి బిడ్డ చెయ్యి. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. బిడ్డను వీపుకు ఆనుడు ఇచ్చి నిటారుగా కూర్చోబెట్టాలి. పెద్దవాళ్ల చేతులతోపాటు బిడ్డ చేతులూ సబ్బుతో కడగాలి. ఎదురుగా చిన్న పళ్లెంలో కొంచెం ఆహారం పెట్టి, అయిదు పది నిమిషాలు దాని పాటికి దాన్ని పిసకనివ్వాలి, నాకనివ్వాలి. ఆ మధ్యలోనే వేరే గిన్నెలోంచి ముద్దగానో, చెంచాతోనో తినిపిస్తూ ఉండాలి. బిడ్డ చెంచా లాక్కుంటే కసరకుండా, ఇంకో చెంచా తీసుకుంటే సరిపోతుంది. ముఖం తిప్పేసుకుంటే కడుపు నిండిందని అర్థం, అక్కడితో ఆపాలి.

ఏ పళ్లెంలో ఏది అనే దానికి కూడా లెక్క ఉంది. జారుగా ఉండేది తల్లి చేతికి, పట్టు దొరికేది బిడ్డ చేతికి. ఆరేడు నెలలకు బిడ్డ గుప్పిటితో పట్టుకుంటుంది కాబట్టి ముక్క వేలెడు పొడుగుండాలి. ఉడికించిన గెనుసుగడ్డ, గుమ్మడి, క్యారెట్, మాగిన అరటి, బొప్పాయి, కాలంలో మామిడి బద్ద, మెత్తటి ఇడ్లీ ముక్క చాలు. రెండు వేళ్ల మధ్య నొక్కితే చితికిపోవాలి, అదే పరీక్ష. ఎనిమిది తొమ్మిది నెలలకు బొటనవేలు, చూపుడువేలు కలిపి మెతుకు ఏరుకోగలదు. అప్పుడు పప్పన్నం, ఉడికిన గుడ్డు చిన్నచిన్న తుంపులుగా పళ్లెంలో వెయ్యవచ్చు. సంగటి పెద్దవాళ్లు మింగినట్టు ఉండగా పెట్టకూడదు. పప్పుతోనో, ఆకుకూర రసంతోనో జారుగా మెదిపి పెట్టాలి. జావ కాచాలనుకుంటే మొలకెత్తించి ఎండబెట్టిన రాగుల పిండి వాడాలి. దానితో కాస్తే పిండి ఎక్కువ వేసినా గట్టిపడదు, బలం తగ్గదు. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతాన్ని కూడా ఇంటిల్లిపాదీ పంచుకోకుండా, గట్టిగా కలిపి బిడ్డకే పెట్టాలి. ఏడాది లోపు తేనె నాకించే అలవాటు మాత్రం మానాలి, అది ప్రమాదం.

గొంతులో అడ్డం పడుతుందేమోనన్న భయం అవ్వలకు సహజం. న్యూజిలాండులో ఒటాగో విశ్వవిద్యాలయం వారు కొందరు తల్లులకు జాగ్రత్తలు చెప్పి, బిడ్డల చేతికే ఆహారం ఇప్పించి చూశారు. చెంచాతో తిన్న పిల్లలకన్నా వీరికి అడ్డుపడటం ఎక్కువ జరగలేదని 2016లో ప్రకటించారు. అయితే ఆ జాగ్రత్తలే కీలకం. ఈ జిల్లాలో అసలు శత్రువు ఇంట్లోనే ఉంది. అదే వేరుశనగ గింజ. కాయలు ఒలిచేచోట పాకే బిడ్డను వదలకూడదు. అయిదేళ్లు వచ్చేదాకా గింజను గింజగా పెట్టకూడదు, వేయించి మెత్తగా పొడి చేసి జావలో కలిపితే మాత్రం మంచి బలం. పచ్చి క్యారెట్, గుండ్రటి ద్రాక్ష కూడా ఇలాంటివే.

ముక్క నాలుక వెనక్కు పోతే బిడ్డ ఎర్రబడి, దగ్గి, కక్కబోతుంది. అది నేర్చుకోవడంలో భాగం, కంగారు పడనక్కరలేదు. శబ్దం రాక, ఊపిరాడక, పెదవులు నీలంగా మారితేనే ప్రమాదం. అప్పుడు నోట్లో వేలు పెట్టి కెలకకూడదు. ఏడాది లోపు బిడ్డనయితే తల కిందికి ఉండేటట్టు ముంజేతిమీద బోర్లా పడుకోబెట్టి, రెక్కల మధ్య అరచేతి మడమతో అయిదు దెబ్బలు వెయ్యాలి. అప్పటికీ రాకుంటే వెల్లకిలా తిప్పి, రొమ్ము మధ్య రెండు వేళ్లతో అయిదుసార్లు నొక్కాలి. అడ్డు తొలగేదాకా ఇలాగే మార్చి మార్చి చేస్తూ, పక్కనున్న వారిచేత 108కి ఫోను చేయించాలి. తినే బిడ్డను ఒంటరిగా వదలకూడదన్నది ఇందుకే.

ఎలా తినిపించాలో నేర్పితే ఫలితం ఉంటుందనడానికి విదేశాల దాకా పోనక్కరలేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వారు నల్లగొండ జిల్లాలో 60 గ్రామాల్లో 600 మంది తల్లులతో ఒక ప్రయత్నం చేశారు. కొన్ని ఊళ్లలో ఏం పెట్టాలో మాత్రమే చెప్పించారు. మరికొన్ని ఊళ్లలో దానితోపాటు బిడ్డ సైగలు గమనించి ఎలా తినిపించాలో, ఎలా ఆడించాలో కూడా నేర్పించారు. చెప్పింది గ్రామ మహిళలే, ఇంటింటికీ పోయి చెప్పారు. రెండు చోట్లా పిల్లల ఆహారం మెరుగుపడింది. ఎలా తినిపించాలో కూడా నేర్పిన ఊళ్లలో పిల్లల తెలివితేటల ఎదుగుదల సైతం బాగుందని 2013లో వెల్లడించారు.

ఈ జిల్లాల్లో అది ఎందుకు జరగకూడదు? 2018లో మొదలైన పోషణ్ అభియాన్ కింద అంగన్‌వాడీల్లో సామూహిక అన్నప్రాసనలు జరుగుతున్నాయి. ఆ రోజు ఒక చెంచా పాయసం నాకించి ఫొటో తీసుకుని పంపేయకుండా, ఒక పళ్లెం, రెండు చెంచాలు పెట్టి బిడ్డ చేత తినిపించి చూపవచ్చు. ఖర్చేమీ లేదు, అరగంట ఓపిక చాలు. అయితే పగటిపూట పెట్టే సమావేశానికి కూలికి పోయిన తల్లి ఎలాగూ రాలేదు. బిడ్డ పొద్దంతా ఎవరి చేతిలో ఉంటుందో ఆ అవ్వను పిలవాలి.