ఇంజినీరింగ్ సీటు: అప్పెంత, రాబడెంత

ఇంజినీరింగ్ చదువు గిట్టుబాటవుతుందా లేదా అన్నది మూడు అంకెలు తేలుస్తాయి. నాలుగేళ్లలో కుటుంబం సొంతంగా పెట్టే ఖర్చు, దాని మీద పడే వడ్డీ, ఉద్యోగంలో చేరిన తొలి మూడేళ్లలో చేతికొచ్చే జీతం. ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల్లో, అందులోనూ భద్రాచలం ఏజెన్సీలో, వీటికి నాలుగోది తోడవుతుంది: అప్పు ఎవరి దగ్గర పుడుతుందన్నది. సీటు ఎంచుకునేటప్పుడు కాలేజీ ఫ్లెక్సీ మీది పెద్ద ప్యాకేజీకి దక్కే విలువ ఈ నాలుగింటికీ దక్కడం లేదు.

ముందు ఖర్చు. తెలంగాణలో కన్వీనర్ కోటా సీటు వచ్చి, ఏడాది ఆదాయం రెండు లక్షల లోపున్న ఎస్సీ, ఎస్టీ కుటుంబాల పిల్లలకు ట్యూషన్ ఫీజు మొత్తం ప్రభుత్వమే కడుతుంది. బీసీలకు ఆదాయ పరిమితి పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షలు. ఈఏపీసెట్‌లో పదివేల లోపు ర్యాంకు వస్తే వాళ్లకూ పూర్తి ఫీజు అందుతుంది. ర్యాంకు అది దాటితే సాధారణంగా 35 వేలే. లెక్క తలకిందులయ్యేది ఇక్కడే. ఆ ర్యాంకుతో 45 వేల ఫీజున్న కాలేజీలో చేరితే ఏటా పదివేలు, నాలుగేళ్లకు 40 వేలు చేతి నుంచి పడతాయి. హైదరాబాద్ శివార్లలో లక్షా ఇరవై వేల ఫీజున్న కాలేజీలో చేరితే ఏటా 85 వేల చొప్పున 3 లక్షల 40 వేలవుతుంది. హాస్టలు, బస్సు, పరీక్ష ఫీజులు అదనం. మేనేజ్‌మెంట్ కోటాలో చేరినవాళ్లకు ఈ ఫీజు రీయింబర్స్‌మెంటే వర్తించదు.

అందాల్సిన సొమ్మూ వేళకు అందదు. బకాయిల కోసం ప్రైవేటు కాలేజీలు 2025 నవంబరులో బంద్‌కు దిగాయి. ప్రభుత్వానికీ యాజమాన్యానికీ మధ్య నలిగేది విద్యార్థి. బకాయి కడితే గానీ ప్రొవిజనల్ సర్టిఫికెట్ (పీసీ), మార్కుల మెమో (సీఎంఎం) ఇవ్వమని కాలేజీ కౌంటర్లో అంటారు. ఒరిజినల్స్ చూపిస్తే గానీ చేర్చుకోమని కంపెనీ అంటుంది. అప్పటికప్పుడు తెచ్చే 50 వేలో, లక్షో బ్యాంకులో దొరకదు. తల్లి మెడలో గొలుసు కుదువకు వెళ్తుంది, లేదా మిర్చి కొనే వ్యాపారి ఖాతాలో పద్దు పెరుగుతుంది.

సరిహద్దు వల్ల వచ్చే చిక్కు ఇంకొకటి. 2014లో పోలవరం ముంపు పేరిట పాత ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాల ప్రాంతం ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లింది. భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది, దాన్ని ఆనుకుని ఉన్న ఎటపాక అటు పోయింది. రెండు రాష్ట్రాలకూ ఉన్న పదేళ్ల ఉమ్మడి ప్రవేశాల గడువు 2024తో తీరిపోయింది. బజారుకూ ఆస్పత్రికీ భద్రాచలమే దిక్కయిన ఊళ్ల పిల్లలు సీటుకీ ఫీజు రాయితీకీ వేరే రాష్ట్రం నిబంధనలు చూసుకోవాలి. ఏ రాష్ట్రంలో ఏ తరగతి చదివారన్నదే స్థానికతను తేలుస్తుంది కాబట్టి ఇంటర్‌లో చేరేముందే ఈ సంగతి తేల్చుకోవడం మంచిది.

ఇక అప్పు. బ్యాంకులు నాలుగు లక్షల దాకా విద్యారుణం తాకట్టు లేకుండా ఇస్తాయి. 2015లో వచ్చిన రుణ హామీ నిధి కింద ఏడున్నర లక్షల దాకా తాకట్టు అక్కర్లేదు. ఆ పైన ఆస్తి చూపించాలి. మైదాన ప్రాంత రైతు పట్టాదారు పాస్‌బుక్ తీస్తాడు. ఏజెన్సీలో ఆ వీలు లేదు. 1970 నాటి ఒకటో నిబంధన, అందరూ వన్ ఆఫ్ సెవెంటీ అనేది, షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా కాపాడుతుంది. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పోడు పట్టా వారసులకు సంక్రమిస్తుంది గానీ అమ్మకానికీ బదిలీకీ పనికిరాదు. ఈ రెండు చట్టాలూ కోయ, కొండరెడ్డి కుటుంబాల భూమిని నిలబెట్టాయి. వాటిని సడలించాలనడం తప్పు. కానీ అమ్ముడుపోని భూమిని బ్యాంకు హామీగా లెక్కపెట్టదు. కాబట్టి ఇక్కడి కుటుంబం తాకట్టు అడగని పరిమితిలోనే చదువు ముగించుకోవాలి.

ఒక అప్పును విడమరిచి చూస్తే విషయం తేటపడుతుంది. ఏడాదికి లక్ష చొప్పున నాలుగు లక్షల రుణం, వడ్డీ పది శాతం, చదువు ముగిశాక ఏడాది గడువు అనుకుందాం. ఆ అయిదేళ్లలో మామూలు వడ్డీయే లక్షా నలభై వేలవుతుంది. అసలు 5 లక్షల 40 వేలకు చేరుతుంది. ఏడేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 8,960 రూపాయల కిస్తు. పదిహేనేళ్లకు సాగదీస్తే కిస్తు 5,800కు దిగుతుంది, కట్టే మొత్తం మాత్రం పది లక్షలు దాటుతుంది. అదే నాలుగు లక్షలు బయట నూటికి రెండు రూపాయల మిత్తికి తెస్తే నెలకు ఎనిమిది వేలు మిత్తికే సరి, అసలులో రూపాయి తరగదు.

నాలుగున్నర లక్షల లోపు ఆదాయమున్న కుటుంబాలకు కేంద్ర వడ్డీ రాయితీ పథకం ఉంది. చదువుకునే కాలానికీ ఆపై ఏడాదికీ వడ్డీ కేంద్రమే భరిస్తుంది. పై లెక్కలో లక్షా నలభై వేలు మాఫీ అయి, కిస్తు 6,640కి వస్తుంది. అయితే కాలేజీకి నాక్ గుర్తింపో, కోర్సుకు ఎన్‌బీఏ గుర్తింపో ఉండాలి. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి రుణ పథకం పై ర్యాంకుల్లో ఉన్న సంస్థలకే పరిమితం. కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టుకునే రోజున కాలేజీ గుర్తింపు చూసుకోకపోతే ఆ లక్షా నలభై వేలు పోయినట్టే.

రాబడి వైపు చూస్తే, టీసీఎస్‌లో నింజా అనే ప్రవేశ స్థాయి ఉద్యోగానికి ఏడాదికి 3 లక్షల 36 వేలు. పెద్ద ఐటీ సర్వీసుల కంపెనీల్లో ఫ్రెషర్ల జీతం పదేళ్లకు పైగా ఈ చుట్టుపక్కలే తిరుగుతోంది. పీఎఫ్, బీమా, నెలకు 200 వృత్తి పన్ను పోను చేతికి 24 వేలు వస్తుందనుకుంటే, హాస్టలు, తిండి, ప్రయాణాలకు 13 వేలు తీసేయాలి. మిగిలిన 11 వేలలో 8,960 కిస్తు కట్టాక ఇంటికి పంపడానికి రెండు వేలు. కిస్తు జీతంలో నాలుగో వంతు దాటకూడదనుకుంటే నెలకు ఆరు వేలు. వడ్డీ రాయితీ లేనప్పుడు ఆ కిస్తుకు సరిపోయే రుణం రెండు లక్షల 65 వేలు. మామూలు కాలేజీలో మామూలు మార్కులతో చదివే విద్యార్థి అప్పుకు ఇదే సరైన హద్దు. ఈ లెక్క కూడా నాలుగేళ్లలో పాసై ఉద్యోగం దొరికినవాళ్లదే. బ్యాక్‌లాగ్స్‌తో ఏడాది జారితే ఖర్చు పెరుగుతుంది, జీతం వెనక్కి పోతుంది, అమీర్‌పేట కోచింగ్ తోడవుతుంది.

దగ్గర్లో పరిశ్రమలు లేవని కాదు. సింగరేణి ప్రధాన కార్యాలయం కొత్తగూడెంలో ఉంది. పాల్వంచలో థర్మల్ కేంద్రం, మణుగూరు వైపు 1,080 మెగావాట్ల భద్రాద్రి కేంద్రం, భారజల కర్మాగారం, సారపాకలో ఐటీసీ పేపర్ మిల్లు ఉన్నాయి. కొత్తగూడెంలో 1978లో స్కూల్ ఆఫ్ మైన్స్‌గా మొదలైన కాలేజీ ఇప్పుడు మన్మోహన్ సింగ్ పేరిట ఎర్త్ సైన్సెస్ యూనివర్సిటీ అయింది. అయితే ఈ సంస్థల్లో పోస్టులు కొన్నే, పోటీ పరీక్ష గట్టిది. వీటిని నమ్ముకుని అప్పు చేయలేం. మైనింగ్, ఎలక్ట్రికల్, మెకానికల్ తీసుకునేవాళ్లకు ఇవి అదనపు అవకాశం మాత్రమే.

ఖర్చు తగ్గించే దారి ఒకటి చాలామంది పట్టించుకోరు. పదో తరగతి తర్వాత ఇంటర్ రెండేళ్లు, బీటెక్ నాలుగేళ్లు కలిపి ఆరేళ్లు. పాలిటెక్నిక్ మూడేళ్లు చదివి ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడులో చేరినా ఆరేళ్లే. ప్రభుత్వ పాలిటెక్నిక్ ఫీజు ఏడాదికి కొన్ని వేలు. కార్పొరేట్ ఇంటర్ కాలేజీ ఖర్చు, బీటెక్ మొదటి ఏడాది ఫీజు రెండూ మిగులుతాయి. మధ్యలో ఇల్లు గడవకపోతే డిప్లొమాతో ఉద్యోగంలో చేరవచ్చు. ఈసెట్ సీట్లు తక్కువ, లెక్కల్లో పునాది బలహీనపడే ప్రమాదమూ ఉంది. అయినా అప్పు మోయలేని ఇంటికి ఇదే మేలైన దారి.

అమెరికా ఎంఎస్ ఈ లెక్కకు మరో కొస. నలభై లక్షల రుణం 11 శాతం వడ్డీతో పదేళ్లలో తీర్చాలంటే నెలకు 55 వేలు. చదువయ్యాక అక్కడ పని చేయనిచ్చే ఓపీటీ టెక్నాలజీ కోర్సులకు మూడేళ్లే. 2025 సెప్టెంబరు నుంచి అమెరికా బయట ఉన్నవాళ్ల కోసం వేసే కొత్త హెచ్-1బీ వీసా దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము పెట్టారు. డాలర్ల జీతం ఆగిపోయిన రోజున ఆ కిస్తును హైదరాబాద్ ఫ్రెషర్ జీతం మోయలేదు. ఖమ్మంలో తాకట్టు పెట్టిన ఇల్లే మోయాలి.

ప్రభుత్వం చేయాల్సినవి రెండున్నాయి. కనీస ఫీజే 45 వేలకు చేరినా దశాబ్దానికి పైగా కదలని 35 వేల పరిమితిని సవరించి, ఆ సొమ్ము ఏ ఏడాదిది ఆ ఏడాదే కట్టాలి. ప్రతి కాలేజీ తన విద్యార్థుల్లో సరిగ్గా మధ్యలో నిలిచినవాడి జీతాన్ని, ఉద్యోగం రానివాళ్లనూ కలుపుకుని, బ్రాంచీల వారీగా ప్రకటించాలని ఆదేశించాలి. ఆప్షన్లు పెట్టే ముందు తల్లిదండ్రులు కిస్తును పోల్చి చూడాల్సింది ఆ అంకెతోనే.